మాట వెనుక కథ: ట్రామా

జాతీయ రహదారుల పక్కన ‘ట్రామా కేర్ సెంటర్’ బోర్డు మనకు అలవాటే. ప్రమాదంలో ఒళ్లు చితికినవారికి వైద్యం చేసే చోటది. మూలానికి ఆ వాడుకే దగ్గర: గ్రీకులో ‘ట్రామా’ అంటే గాయం.

19వ శతాబ్దం చివర్లో, రైలు ప్రమాదాల నుంచి బయటపడ్డాక కూడా వణికిపోయే మనుషులను చూసి ఐరోపా వైద్యులు ఈ మాటను మనసుకూ వాడారు. 1980లో అమెరికా మానసిక వైద్యుల సంఘం ఇలా ఘోరానుభవం తర్వాత మనసును వదలని బాధను ‘పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్’ (పి.టి.ఎస్.డి.) పేరుతో రోగాల జాబితాలో చేర్చింది. వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల అవస్థ అందుకు ముఖ్య కారణం. ఇంట్లో హింస పడ్డ ఆడవాళ్ల లక్షణాలూ ఇవేనని అమెరికా మానసిక వైద్యురాలు జూడిత్ హెర్మన్ 1992లో ‘ట్రామా అండ్ రికవరీ’ పుస్తకంలో చూపారు.

జైల్లో ఈ మాట బరువు పెరుగుతుంది. ఖైదీ స్త్రీలలో చాలామంది లోపలికి రాకముందే దెబ్బలు, లైంగిక హింస అనుభవించినవారు. బట్టలు విప్పించే సోదా, అర్ధరాత్రి ఇనుప తలుపు చప్పుడు, గద్దింపు పాత భయాన్ని మళ్లీ లేపుతాయి. ఆమె ఎదురుతిరిగినా, ఉలుకూ పలుకూ లేకుండా కూర్చున్నా దాన్ని మొండితనమని రాసుకుంటే శిక్ష పెరుగుతుంది. ట్రామా అని గుర్తిస్తే వైద్యం మొదలవుతుంది.

2010లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన బ్యాంకాక్ నియమాల్లో 6వది సరిగ్గా ఇదే అడుగుతుంది: జైల్లో చేరిన స్త్రీకి చేసే ఆరోగ్య పరీక్షలో పి.టి.ఎస్.డి.నీ, అంతకుముందు పడ్డ హింసనూ కనుక్కోవాలి. బట్టలు విప్పించే సోదాకు బదులు స్కానింగ్ వంటి పద్ధతులు తేవాలని 20వ నియమం చెబుతుంది.

తెలుగులో మనం ‘మానసిక గాయం’ అని రాస్తున్నాం. మంచి మాట. గాయం ఉన్నచోట మాన్పాల్సిన బాధ్యతా ఉంటుంది. నేరం రుజువైనంత మాత్రాన అది తీరిపోదు.