అమ్మవారు, ఆటలమ్మ, తట్టు: సిద్దిపేట ప్రాంత నేపథ్యంలో శిశువ్యాధుల గుర్తింపు – చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

చంటిపిల్లలకు జ్వరంతోపాటు ఒంటిమీద పొక్కులు కనిపిస్తే తెలుగు ఇళ్లలో తరచుగా వినిపించే మాట 'అమ్మవారు పోసింది'. ఈ మాట కింద మశూచి, ఆటలమ్మ, తట్టు అనే మూడు వేర్వేరు వ్యాధులు చేరాయి. వీటిలో మశూచి నేడు లేదు. దాని కాలంలో స్థిరపడిన గుర్తింపు పద్ధతి తక్కిన వాటికి, ముఖ్యంగా తట్టుకు, ఎంతవరకు సరిపోతుందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పేర్లు – భావన

'మశూచి' అనే మాటకు మూలం సంస్కృతంలోని 'మసూరిక'. మసూరు గింజను పోలిన పొక్కు అని దీని భావం. మాధవనిదానం ఈ వ్యాధికి ప్రత్యేక అధ్యాయాన్ని కేటాయించింది. వైద్యభాష పొక్కు ఆకారాన్ని బట్టి పేరు పెట్టగా, జనభాష వ్యాధిని తల్లిగా భావించి గౌరవవాచకంతో పిలిచింది. తీవ్రతను బట్టి పెద్దమ్మవారు, చిన్నమ్మవారు అనే భేదమూ ఏర్పడింది. 'చిన్నమ్మవారు' ప్రాంతాన్ని బట్టి తట్టుకో, ఆటలమ్మకో పేరైంది.

2016 అక్టోబరు 11న ప్రత్యేక జిల్లాగా ఏర్పడిన సిద్దిపేట, నిజాం కాలంలో మెదక్ జిల్లాలో భాగం. నిజాం రాజ్యంలోని కులాలు, తెగల గురించి సయ్యద్ సిరాజుల్ హసన్ 1920లో వెలువరించిన గ్రంథం పోచమ్మను మశూచి దేవతగా పేర్కొంది. ఊరి పోచమ్మకు బోనం, గుమ్మానికి వేపమండలు, రోగికి చలువ పదార్థాలు, ఆ ఇంటికి రాకపోకలు మానడం ఈ విశ్వాసంలో భాగాలు.

మశూచికి సరిపోయిన ఆచారం

మశూచిలో రెండు మూడు రోజుల తీవ్ర జ్వరం తర్వాత ముఖం, కాళ్లు, చేతులపై పొక్కులు దట్టంగా వస్తాయి. ఒకచోట ఉన్నవన్నీ ఒకే దశలో ఉంటాయి. ప్రధానంగా పొక్కులు కనిపించిన తర్వాతే వ్యాధి ఇతరులకు సోకుతుంది. కాబట్టి వేపమండ కట్టిన ఇంటికి దూరంగా ఉండడం కొంతవరకు వ్యాప్తిని అడ్డుకునేది. మశూచి నిర్మూలన కార్యక్రమం కూడా ఈ లక్షణం మీదే ఆధారపడింది. కార్యకర్తలు వ్యాధి సోకిన బిడ్డ చిత్రమున్న కార్డును ఇంటింటా చూపి రోగులను గుర్తించారు, చుట్టుపక్కల వారికి టీకాలు వేశారు. దేశంలో చివరి కేసు 1975 మేలో నమోదైంది. 1980 మే 8న ప్రపంచ ఆరోగ్య సభ మశూచి నిర్మూలనను ప్రకటించింది.

తట్టుకు చాలని ఆచారం

ఆటలమ్మ పొక్కులు ఛాతీ, వీపుపై ఎక్కువగా, విడతలు విడతలుగా వస్తాయి. అందువల్ల కొత్తవి, నీటి బుడగలు, ఎండినవి ఒకేసారి కనిపిస్తాయి. తట్టులో జ్వరం, దగ్గు, ముక్కు కారడం, కళ్లు ఎర్రబడడం ముందు వస్తాయి. తర్వాత చెవుల వెనుక, ముఖంపై మొదలైన ఎర్రని దద్దు కిందికి పాకుతుంది. అయితే దద్దు కనిపించడానికి నాలుగు రోజుల ముందు నుంచే తట్టు ఇతరులకు సోకుతుంది. వేపమండ కట్టేనాటికే పక్కింటి బిడ్డకు అది అంటి ఉండవచ్చు. పేరులో 'చిన్న' ఉన్నా ఫలితం చిన్నది కాదు. న్యుమోనియా, విరేచనాలు, చూపు కోల్పోవడం, మరణం దీని పర్యవసానాలు. పథ్యం పేరిట ఆహారం తగ్గిస్తే బిడ్డ మరింత బలహీనపడుతుంది.

అందువల్ల తట్టు విషయంలో దద్దుకు ముందే రక్షణ ఉండాలి. సార్వత్రిక టీకా కార్యక్రమంలో 1985 నుంచి తట్టు టీకా ఉంది. 2017లో తెలంగాణలో తొమ్మిది నెలల నుంచి పదిహేనేళ్లలోపు పిల్లలకు తట్టు–రుబెల్లా టీకా కార్యక్రమం జరిగింది. నేడు తొమ్మిది నుంచి పన్నెండు నెలల మధ్య ఒక మోతాదు, పదహారు నుంచి ఇరవై నాలుగు నెలల మధ్య మరొకటి ఇస్తున్నారు.

ముగింపు

'అమ్మవారు' అనే మాటను మూఢనమ్మకంగా కొట్టివేస్తే అందులోని పరిశీలనను విస్మరించినట్లవుతుంది. పొక్కును చూసి బిడ్డను వేరుగా ఉంచడం మశూచి నేర్పిన జాగ్రత్త. వ్యాధి పోయినా పేరు మిగలడంతో ఆ జాగ్రత్తే తట్టుకూ చాలుననే భరోసా కొనసాగింది. పోచమ్మకు బోనం ఎత్తే తల్లి ఆందోళన నేటికీ న్యాయమైనదే. ఆ ఆందోళన పొక్కు కనిపించేదాకా ఆగకుండా బిడ్డ తొమ్మిదో నెలలోనే టీకా వైపు మళ్లాలి.