డైరీ ఆగిన చోటు
యూదుల సంహారమును గూర్చి హైస్కూలు విద్యార్థులచే చదివించు గ్రంథములలో ఆన్ ఫ్రాంక్ డైరీ మిక్కిలి ప్రసిద్ధము. 1942లో ఆమ్‌స్టర్‌డామ్‌లో కుటుంబముతో దాగిన పదుమూడేండ్ల బాలిక అది. తల్లితో తగవులు, చదువు, తొలివలపు, ఇవన్నియు ఆ ఈడు పిల్లలకు ఇట్టే మనస్సున నాటును. చిక్కు అచ్చటనే కలదు. 1944 ఆగస్టు 1న వ్రాత ఆగినది. 4న పోలీసులు వచ్చిరి. నిర్బంధ శిబిరమున ఆమె అనుభవించినది డైరీలో లేనే లేదు.

1955లో న్యూయార్కున ప్రదర్శితమైన నాటకము మానవుల మంచితనముపై ఆమె నమ్మకముతో ముగియును. అమెరికాలో పెక్కు పాఠశాలలు ఈ నాటకమునే పాఠ్యముగా గైకొన్నవి. ఆ మాట ఆమె వ్రాసినది పట్టుబడుటకు సుమారు మూడు వారములు ముందు. 1945 తొలి మాసములలో ఆమె బెర్గెన్-బెల్సెన్ శిబిరమున మరణించెను. ఆ చోటు చూచిన పిదప ఏమి వ్రాసియుండెడిదో! దాగిన ఎనిమిదిమందిలో బ్రతికి వచ్చినది తండ్రి యొక్కడే.

నమ్మకపు మాటతో పుస్తకము మూయుట పిల్లలను మభ్యపెట్టుటయే యని మేము తలంచుచున్నాము. 1958లో ఫ్రెంచిలో వెలువడిన ఎలీ వీజెల్ ‘రాత్రి’ని ప్రక్కన చదివించు ఉపాధ్యాయులు కలరు. పదునైదేండ్ల బాలుడు తండ్రితో ఆష్విట్జ్ చేరిన వృత్తాంతమది. గ్రంథము చిన్నదే. కాని అది చదివిన వెంటనే పిల్లలను లెక్కల తరగతికి పంపరాదు. వారడుగు ప్రశ్నలకు ఒక గంట విడిగా ఉంచవలెను.