ఫర్మ్‌వేర్: పేరుకే గట్టిది

చేతిలో పట్టే గేమ్ పరికరంలో కంపెనీ ఇచ్చిన వ్యవస్థను తీసేసి వేరేది పెడితే దాన్ని ‘కస్టమ్ ఫర్మ్‌వేర్’ అంటారు. ఫర్మ్ అంటే స్థిరం కనుక ఫర్మ్‌వేర్ కదపకూడనిదని చాలామంది నమ్మకం. మాట పుట్టుక చూస్తే విషయం తలకిందులు. 1967లో డేటామేషన్ పత్రికలో యాషర్ ఓప్లర్ ఈ మాట వాడినప్పుడు ఆయన మనసులో ఉన్నది ప్రాసెసర్ లోపలి మైక్రోకోడ్, అదీ తిరగరాయడానికి వీలైనది. హార్డ్‌వేర్‌కీ సాఫ్ట్‌వేర్‌కీ నడుమ ఉన్నదానికి నడిమి పేరు పెట్టాడంతే. మార్చడం దాని స్వభావంలోనే ఉంది. సోనీ తన చేతి గేమ్ పరికరం పిఎస్‌పిలో ఉన్నదాన్ని ‘సిస్టమ్ సాఫ్ట్‌వేర్’ అంది. దాన్ని విప్పి మార్చినవాళ్లేమో ఫర్మ్‌వేర్ అన్నారు. పాత అర్థానికి దగ్గరగా ఉన్నది వీళ్లే.

మైక్రోకోడ్ ఎక్కడ, నేటి పరికరాల్లోని పూర్తి లినక్స్ ఎక్కడ అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఆన్‌బెర్నిక్ కంపెనీ గేమ్ పరికరం ఆర్‌జి35ఎక్స్‌ఎక్స్‌లో గార్లిక్ ఓఎస్ అనే వ్యవస్థ పెట్టేవారు చిప్‌ను ముట్టుకోరు. మెమొరీ కార్డు మారుస్తారు, పాత కార్డు పెడితే పాత వ్యవస్థే లేస్తుంది. అయినా ఫర్మ్‌వేర్ అనే అంటారు. వాల్వ్ కంపెనీ గేమ్ పరికరం స్టీమ్ డెక్‌లో దానితో వచ్చే స్టీమ్ ఓఎస్ బదులు బజైట్ అనే వ్యవస్థ పెడితే మాత్రం ఆ మాట ఎవరూ ఎత్తరు, ఓఎస్ మార్చామంటారు. గార్లిక్ ఓఎస్, బజైట్ రెండూ లినక్సే! తేడా సాంకేతికతలో లేదు. వాల్వ్ స్టీమ్ డెక్‌ను కంప్యూటర్‌గా అమ్మింది, వేరే ఓఎస్ వేసుకోవచ్చని తానే చెప్పింది. ఆర్‌జి35ఎక్స్‌ఎక్స్‌ను కొన్నవారు ఆటవస్తువుగా కొన్నారు. కొన్నది కంప్యూటరనుకుంటే ఓఎస్, వస్తువనుకుంటే ఫర్మ్‌వేర్.