ఐపీ అనే మాట వెనక కథ

"ఫలానా వాళ్ళు ఐపీ పెట్టారంట" అనే మాట చెవిన పడితే చాలు, అప్పిచ్చినవాళ్ళ గుండె జారిపోతుంది. ఐపీ అంటే ఇన్సాల్వెన్సీ పిటిషన్, అంటే బాకీలు తీర్చలేనని ఒప్పుకుంటూ కోర్టులో వేసే దరఖాస్తు. పిటిషన్ వేసిన రోజే అప్పు పోయినట్టని చాలామంది అనుకుంటున్నారు. ఈ ఏడాది మన సంఘాల సమావేశాల్లో ఈ ప్రశ్న పదేపదే వచ్చింది కాబట్టి ఆ చట్టం కథ ఇక్కడ రాస్తున్నాం.

పూర్వం బాకీ కట్టలేనివాణ్ణి డిక్రీ తెచ్చి సివిల్ జైల్లో పెట్టించేవారు. అక్కడ అతని తిండి బత్తా అప్పిచ్చినవాడే కట్టాలి. మనిషి జైల్లో కూర్చుంటే బాకీ ఎలా తీరుతుంది? అందుకే 1907లో జిల్లాల కోసం దివాలా చట్టం వచ్చింది. మద్రాసు, బొంబాయి, కలకత్తా నగరాలకు 1909లో వేరే చట్టం చేశారు. 1907 చట్టం స్థానంలో 1920లో ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం వచ్చింది. మన ఐపీ దాని కిందదే. అప్పు 500 రూపాయలు దాటితే పిటిషన్ వేయవచ్చని అందులో రాసుంది.

పిటిషన్ వేయడం మొదటి మెట్టు మాత్రమే. కోర్టు విచారించి దివాలాదారుగా ప్రకటిస్తే ఆస్తి కోర్టు చేతికో రిసీవర్ చేతికో పోతుంది. దాన్ని అమ్మి అప్పులవాళ్ళకు పంచుతారు. ఆ తర్వాత డిశ్చార్జి ఉత్తర్వు వస్తేనే మిగిలిన బాకీ నుంచి విడుదల. మోసం చేసి తెచ్చిన అప్పు, సర్కారు బాకీ, భార్యాబిడ్డలకు కోర్టు వేసిన మనోవర్తి అప్పటికీ పోవు.

ఆడవాళ్ళకు సంబంధించినవి కొన్ని ఉన్నాయి. 1908 సివిల్ ప్రొసీజర్ కోడ్ ప్రకారం డబ్బు డిక్రీ కోసం స్త్రీని అరెస్టు చేయకూడదు. వంట పాత్రలు, కట్టుబట్టలు, పరుపులు, మతాచారం ప్రకారం స్త్రీ తీయకూడని నగలు జప్తు చేయకూడదు. దివాలాలోనూ వాటి జోలికి రారు. కానీ ఐపీకి ముందు రెండేళ్ళలోపు భర్త ఊరికే భార్య పేర రాసిన ఇల్లు నిలవకపోవచ్చు. కోర్టు ఆ దస్తావేజును రద్దు చేయగలదు.

మన సంఘాలు మరిచిపోకూడని మాట ఇంకొకటి. భర్త ఐపీ పెడితే భార్య పేర ఉన్న సంఘం అప్పు పోదు. సభ్యురాలే పెట్టి డిశ్చార్జి పొందినా, ఆమెతో కలిసి సంతకం చేసిన మిగతావాళ్ళ బాధ్యత అలాగే ఉంటుంది. ఒక్కరి భారం పదిమంది మీద పడుతుంది.

2016లో కొత్త దివాలా కోడ్ వచ్చింది. ఏడాదికి 60,000 రూపాయలకు మించని ఆదాయం, 35,000కు మించని అప్పు ఉండి, సొంత ఇల్లు లేని పేదలకు మాఫీ పద్ధతి అందులో రాశారు. కానీ దాన్ని ఇంకా అమల్లోకి తేలేదు. కంపెనీల అప్పుకు జామీను ఉన్నవారికే 2019 డిసెంబరు నుంచి వ్యక్తుల భాగం వర్తిస్తోంది. మిగతా వాళ్ళకు ఇప్పటికీ ఆ 1920 చట్టమే దిక్కు.

కాబట్టి అక్కలారా, వాయిదా తప్పుతోందని తెలిసిన నెలలోనే సంఘంలో నోరు విప్పండి. కోర్టు మెట్లు ఎక్కేలోపు చేయగలిగింది చాలా ఉంటుంది.