బొమ్మా బొరుసుకు లొంగేవి, లొంగనివి

మొజంజాహీ మార్కెట్ దాటి అఫ్జల్‌గంజ్ వైపు నడిస్తే ఉస్మాన్‌గంజ్ వస్తుంది. హోల్‌సేల్ దుకాణాలు, వాటి వెనక గోదాములు, సరుకు దించడానికి వరుస కట్టిన డీసీఎంలు, ట్రాలీ ఆటోలు. అక్కడి ఇరుకు గల్లీ ఒకదాన్ని ఊహించుకుందాం. అందులో ఒకసారికి ఒక్క బండే పడుతుంది. చివర గోదాం, గోదాం దగ్గర ఒకే హమాలీ జట్టు. సరుకు దించేసిన డీసీఎం బయటికి రావాలి, బస్తాలతో నిండిన ఇంకో డీసీఎం లోపలికి పోవాలి. ఇద్దరు డ్రైవర్లూ ఒకేసారి కదిలితే గల్లీ మధ్యలో ఎదురుపడతారు. ఖాళీ బండి వస్తే తప్ప నిండు బండి పోలేదు. నిండు బండి వెనక్కి తగ్గితే తప్ప ఖాళీ బండి రాలేదు.

ఈ గల్లీ గురించి అడగదగ్గ ప్రశ్నలు మూడు. అసలు ఇలా ఇరుక్కుపోయే వీలుందా? ఉంటే, ఎంత తరచుగా ఇరుక్కుంటాయి, బండి సగటున ఎంతసేపు ఆగాలి? రెండు బండ్లు ఒకేసారి వస్తే ముందు ఏది పోవాలో తేల్చేదెవరు? మొదటి ప్రశ్నకు తర్కం చాలు. రెండో ప్రశ్నకు సంభావ్యత లేనిదే జవాబు రాదు. మూడోది సేటు చేతిలోనో గుమాస్తా చేతిలోనో ఉంటుంది. వాళ్లు నాణెం ఎగరేసి తేల్చరు కాబట్టి దానికి సగానికి సగం అని ఒక అంకె అంటించడం అబద్ధమే అవుతుంది.

కంప్యూటర్ శాస్త్రంలో ఒకేసారి నడుస్తూ ఒకే వనరు కోసం పోటీపడే వ్యవస్థలను గణితంలోకి తెచ్చే ప్రయత్నం అరవై ఏళ్లకు పైగా సాగుతోంది. నాంపల్లి స్టేషన్ కౌంటర్‌లో ఒకరు, ఢిల్లీలో మరొకరు అదే క్షణాన ఒకే బెర్తు అడిగితే రెండు టికెట్లు పుట్టకుండా చూడటం ఇందులోని సమస్యే. ఆ గణితానికి సంభావ్యతను జోడించిన చరిత్రంతా పై మూడు ప్రశ్నలనూ కలగాపులగం చేయకుండా నేర్చుకున్న చరిత్ర.

మొదటి ప్రశ్నకు చక్కటి పనిముట్టు ఇచ్చినవాడు జర్మన్ గణితవేత్త కార్ల్ ఆడమ్ పెట్రీ. 1962లో వెలువడిన తన పరిశోధన గ్రంథంలో ఆయన పరిచయం చేసిన ఆలోచనలే తర్వాత పెట్రీ నెట్‌గా స్థిరపడ్డాయి. అందులో వృత్తాలు పరిస్థితులు, అడ్డగీతలు సంఘటనలు, వృత్తాల్లోని చుక్కలు టోకెన్లు. మన గల్లీనే గీస్తే ‘గల్లీ ఖాళీ’ అనే వృత్తంలో ఒక చుక్క, ‘హమాలీ జట్టు ఖాళీ’ అనే వృత్తంలో ఒక చుక్క, ‘బయట ఆగిన బండ్లు’ అనే వృత్తంలో నాలుగు చుక్కలు. బండి లోపలికి పోవడమంటే బయటి బండ్ల నుంచి ఒక చుక్క, గల్లీ నుంచి ఒక చుక్క తీసేసి ‘గల్లీలో బండి’ అనే వృత్తంలో ఒకటి పెట్టడం. ఏ సంఘటనా జరగలేని స్థితికి చుక్కలు చేరగలవా అని వెతికితే ఇరుక్కుపోవడం ముందే తెలిసిపోతుంది. ఇంజనీర్లు దాన్ని డెడ్‌లాక్ అంటారు.

పెట్రీ మొదటి బొమ్మలో గడియారం లేదు, నాణెమూ లేదు. ఏది జరగవచ్చో చెప్తుంది గానీ ఎప్పుడు జరుగుతుందో, ఎంత తరచుగా జరుగుతుందో చెప్పదు.

ఆ లోటు తీర్చే సామగ్రి అప్పటికే వేరే అరలో సిద్ధంగా ఉంది. కోపెన్‌హాగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఎ.కె. ఎర్లాంగ్ 1909లోనే ఫోన్ కాల్స్ రాకపోకలపై సంభావ్యతతో లెక్కలు కట్టారు. రష్యాలో ఆండ్రీ మార్కోవ్, తర్వాతి అడుగు ఇప్పటి స్థితిని బట్టే ఉంటుంది, గతంతో పని లేదు అనే గొలుసుల సిద్ధాంతాన్ని 1906లో మొదలుపెట్టారు. 1913లో పుష్కిన్ కావ్యంలోని 20,000 అక్షరాలను వరసగా తీసుకుని, అచ్చు తర్వాత హల్లు ఎన్నిసార్లు వస్తుందో చేత్తో లెక్కపెట్టి చూపారు. ఎర్లాంగ్ వరసలూ మార్కోవ్ గొలుసులూ ఒకవైపు, పెట్రీ చుక్కలు మరోవైపు చాలాకాలం విడివిడిగా ఉండిపోయాయి.

అవి కలిసింది 1980 ప్రాంతంలో. 1974లో ఎంఐటీలో చందర్ రామ్‌చందానీ పెట్రీ నెట్‌కు కాలాన్ని జోడించారు, అయితే ఆ కాలం స్థిరం. 1980లో పారిస్‌లో స్తెఫాన్ నాట్కిన్, 1981లో లాస్ ఏంజెలెస్‌లో మైఖేల్ మొలాయ్, ఒకరి పని ఒకరికి తెలియకుండానే, సంఘటనకు పట్టే సమయాన్ని యాదృచ్ఛికం చేశారు. వాళ్లు ఎంచుకున్నది ఘాతాంక విభజన. దాని సుగుణం మతిమరుపు. అప్పటికే పది నిమిషాలు గడిచాయా, అప్పుడే మొదలైందా అన్న తేడా దానికి ఉండదు, ఇంకా పట్టే సమయం సగటు అంతే. ఆ మతిమరుపు వల్లే పెట్రీ నెట్ మొత్తం ఒక మార్కోవ్ గొలుసుగా మారిపోయి, సగటు నిరీక్షణ ఎంత, హమాలీ జట్టు ఎంత భాగం ఖాళీగా ఉంటుంది వంటివన్నీ సమీకరణాలతో తేలిపోతాయి.

సౌకర్యం గొప్పదే. కానీ వంద బస్తాల్లో తొంభై దించాక ఇంకా మొదట్లో ఉన్నంత సమయమే పడుతుందంటే ఏ హమాలీ ఒప్పుకోడు. దీనికి విరుగుడు కూడా ఎర్లాంగ్ దగ్గరే దొరికింది. ఒక పనిని అనేక దశలుగా విడగొట్టి, ప్రతి దశనూ ఘాతాంకంగా తీసుకుంటే మొత్తం సమయం నిజానికి దగ్గరవుతుంది. దశలు పెరిగినకొద్దీ లెక్క పెరుగుతుంది, అంతే.

1984లో ఇటలీ పరిశోధకులు మార్కో అజ్మోనె మర్సాన్, జియాని కాంతె, జియాన్‌ఫ్రాంకో బాల్బో ఇంకో అడుగు వేశారు. కొన్ని సంఘటనలకు సమయం పడుతుంది, కొన్ని క్షణంలో జరిగిపోతాయి. క్షణంలో జరిగేవి ఒకదానితో ఒకటి పోటీపడితే వాటికి వాటాలు ఇచ్చి తేల్చవచ్చు. బహుళ ప్రాసెసర్ల కంప్యూటర్ల వేగం కొలవడానికి పుట్టిన ఈ నమూనా త్వరలోనే ఫ్యాక్టరీల్లోకి వెళ్లింది. అక్కడే ఈ కథ మన పక్క రాష్ట్రానికి వస్తుంది.

బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో నూకల విశ్వనాథం, యాదాటి నరహరి 1985లోనే ఆటోమేటిక్ ఫ్యాక్టరీలను పెట్రీ నెట్‌తో విశ్లేషించే పరిశోధన పత్రం ప్రచురించారు. అప్పటి కొత్త ఫ్యాక్టరీల్లో కంప్యూటర్ నడిపే యంత్రాలు, వాటి మధ్య విడిభాగాలు మోసే డ్రైవర్ లేని బండ్లు ఉండేవి. టి.ఎల్. జాన్సన్‌తో కలిసి 1990లో వాళ్లు రాసిన పత్రం నేటికీ చదవదగ్గది. యంత్రం మీద పని పూర్తయిన భాగం ఉంది, దాన్ని తీసుకుపోవడానికి బండి రావాలి. బండి మీద కొత్త భాగం ఉంది, దాన్ని దించడానికి యంత్రం ఖాళీ కావాలి. కోట్ల విలువైన సరంజామా అంతా ఒకదాని కోసం ఒకటి చూస్తూ ఆగిపోతుంది. పెన్సిల్వేనియా రాష్ట్రం ఈరీలోని జనరల్ ఎలక్ట్రిక్ ఫ్యాక్టరీకి నమూనా గీసి చూస్తే, అంత పెద్ద వ్యవస్థలో చేరగల స్థితులన్నిటినీ ముందే వెతికి డెడ్‌లాక్‌ను నివారించడం ఆచరణలో కుదరదని తేలింది. అందుకే పని నడుస్తుండగానే ముందుచూపుతో తప్పించే నియంత్రికను ప్రతిపాదించారు.

కుదరకపోవడానికి కారణం చిన్న లెక్కతో తెలుస్తుంది. ‘పనిలో ఉంది’, ‘ఖాళీగా ఉంది’ అనే రెండే స్థితులున్న యంత్రాలు 20 ఉంటే మొత్తం స్థితులు 10,48,576. ఇంకో పది కలిపితే సంఖ్య వంద కోట్లు దాటుతుంది.

1992లో ఆ ఇద్దరూ రాసిన ఆటోమేటిక్ ఫ్యాక్టరీల పనితీరు పుస్తకం మార్కోవ్ గొలుసులు, వరసల సిద్ధాంతం, యాదృచ్ఛిక పెట్రీ నెట్‌లు మూడింటినీ ఒకచోట చేర్చింది. 1994 నాటి వాళ్ల పత్రం మరింత విలువైనది. అప్పటిదాకా ఎక్కువ మంది వ్యవస్థ చాలాకాలం నడిచి కుదుటపడ్డాక దాని సగటు ఎంత అని అడిగేవాళ్లు. డెడ్‌లాక్ ఉన్న వ్యవస్థ కుదుటపడేది ఆగిపోయాకే! కాబట్టి ఆగిపోయేలోగా ఎంత సమయం దొరుకుతుంది, ఆ సమయపు విభజన ఏమిటి అని అడగాలని వాళ్లు వాదించి, లెక్క కట్టి చూపారు. మొదటి ప్రశ్ననూ రెండో ప్రశ్ననూ ఇంత సహజంగా ముడివేసిన పని అరుదు. విశ్వనాథం తర్వాతి కాలంలో హైదరాబాద్ ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్‌కు వచ్చి సరుకు రవాణా, సరఫరా గొలుసుల మీద పనిచేశారు.

ఇదంతా కొలత కోసం వచ్చిన సంభావ్యత. దాదాపు అదే కాలంలో సంభావ్యత ఇంకో ద్వారం గుండా ప్రవేశించింది, ఈసారి మందుగా. హవాయి దీవుల్లో 1971లో మొదలైన అలోహా రేడియో నెట్‌వర్క్‌లో రెండు సందేశాలు ఢీకొంటే రెండు స్టేషన్లూ యాదృచ్ఛికంగా కొంతసేపు ఆగి మళ్లీ పంపేవి. రెండూ ఒకే సమయం ఆగితే మళ్లీ ఢీకొంటాయి గనక, నాణెం ఎగరేయడమే పరిష్కారం. 1981లో డేనియల్ లేమన్, మైఖేల్ రాబిన్ దీన్ని సిద్ధాంతంగా నిలబెట్టారు. వాళ్లు తీసుకున్న సమస్యలో గుండ్రటి బల్ల చుట్టూ కూర్చున్న తత్త్వవేత్తలు, ఇద్దరిద్దరి మధ్య ఒక ఫోర్కు, తినడానికి రెండు ఫోర్కులు కావాలి. అందరూ అచ్చంగా ఒకే నియమం పాటిస్తూ, మధ్యవర్తి లేకుండా, నాణెం వాడకుండా దీన్ని పరిష్కరించడం అసాధ్యం. అందరూ ఎడమ ఫోర్కే ముందు తీస్తే అక్కడే బిగుసుకుపోతారు. ముందు ఎడమా కుడా అని ఎవరి నాణెం వాళ్లు ఎగరేసుకుని, రెండోది దొరక్కపోతే మొదటిది కింద పెట్టేసి మళ్లీ ఎగరేస్తే, ఎవరో ఒకరు తినడం సంభావ్యత 1తో జరుగుతుంది.

ఎవరి వంతు ఎప్పుడు వస్తుందో నిర్ణయించే శక్తి, ఎవరినీ శాశ్వతంగా పక్కన పెట్టనంతవరకు, ఎంత దుర్మార్గంగా ప్రవర్తించినా ఈ హామీ చెల్లుతుంది. ఇక్కడే మూడో ప్రశ్న తల ఎత్తింది. నాణేనికి సంభావ్యత ఉంది. వంతు పంచేవాడికి లేదు. ఈ రెండింటినీ ఒకే నమూనాలో వేర్వేరుగా ఉంచడం ఎలా?

1985లో మోషే వార్డి ఏకకాలిక మార్కోవ్ గొలుసులని ఒక రూపం ఇచ్చారు. కొన్ని స్థితుల్లో నాణెం, కొన్ని స్థితుల్లో ఎంపిక. 1989లో డెన్మార్క్‌కు చెందిన కిమ్ లార్సెన్, ఆర్నె స్కౌ, రెండు యాదృచ్ఛిక వ్యవస్థలను బయటి నుంచి పరీక్షించి ఒకటేనని ఎప్పుడు చెప్పవచ్చో నిర్వచించారు. 1995లో ఎంఐటీలో రోబెర్తో సెగాలా తన పరిశోధన గ్రంథంలో చేసిన నిర్వచనం అన్నిటికన్నా నిలిచింది. ముందు ఎంపిక ఒక అడుగును తేలుస్తుంది, ఆ అడుగు ఎటు తీసుకెళ్తుందో సంభావ్యత తేలుస్తుంది. ఈ పద్ధతిలో నాన్సీ లించ్, ఐజాక్ సాయాస్, సెగాలా తత్త్వవేత్తల సమస్యను మళ్లీ చూసి హామీకి అంకె వేశారు. సిద్ధంగా ఉన్న ప్రతివాడికీ ఒక కాల ప్రమాణంలోపు అడుగు వేసే వీలుంటే, ఎవరో ఒకరు తినడానికి సగటున 63 ప్రమాణాలు మించవు. ‘ఎప్పటికైనా’ అన్న మాటకు పైహద్దు దొరికింది.

1995 డిసెంబర్‌లోనే ఒక ముఖ్యమైన పత్రం బెంగళూరులో చదివారు. ఏటా మన దేశంలో జరిగే సైద్ధాంతిక కంప్యూటర్ శాస్త్ర సదస్సు ఎఫ్ఎస్‌టీటీసీఎస్‌లో ఆండ్రియా బియాంకో, లూకా ద అల్ఫారో నాణెమూ ఎంపికా రెండూ ఉన్న వ్యవస్థను కంప్యూటర్‌తో తనిఖీ చేసే పద్ధతి చెప్పారు. ఎంపిక ఎలా ఉంటుందో ఊహించరు. అత్యంత అనుకూలంగా ఉంటే సంభావ్యత ఎంత, అత్యంత ప్రతికూలంగా ఉంటే ఎంత అని రెండు అంకెలు లెక్కిస్తారు. సేటుకు సగానికి సగం అంటగట్టకుండా, సేటు ఎంత మొండికేసినా ఇంతకన్నా చెడ్డది జరగదని చెప్పగలగడం నిజాయితీ గల పద్ధతి. అదే సదస్సు మరుసటి ఏడాది హైదరాబాద్‌లో జరిగింది. ఆ తర్వాత కూడా 2005, 2012, 2023లలో మళ్లీ ఇక్కడికే వచ్చింది.

ఈ సిద్ధాంతం చేతికందే పనిముట్టుగా మారింది ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో. మార్తా క్వియాత్కోవ్‌స్కా, గెథిన్ నార్మన్, డేవిడ్ పార్కర్ 2000 తర్వాత ప్రిజమ్ అనే సాఫ్ట్‌వేర్ తెచ్చారు. దానితో తనిఖీ చేసిన వాటిలో ప్రసిద్ధమైనది ఫైర్‌వైర్. వీడియో కెమెరాలను కంప్యూటర్‌కు కలిపిన ఆ కేబుల్‌లో రెండు పరికరాలు నాయకత్వం కోసం తలపడితే చెరో నాణెం ఎగరేసుకుని కొద్దిసేపో ఎక్కువసేపో ఆగుతాయి. సమానమైన నాణెం కన్నా కాస్త ఒకవైపు మొగ్గే నాణెం తగవును కొంచెం త్వరగా తేలుస్తుందని లెక్కలో తేలింది.

ఇంకా తెగని చిక్కు ఒకటుంది. ఉస్మాన్‌గంజ్ గోదాంలో బస్తా దించడం, అబిడ్స్‌లో బిల్లు కొట్టడం ఒకదానికొకటి సంబంధం లేనివి. ఏది ముందన్నది అర్థం లేని ప్రశ్న. కానీ మార్కోవ్ గొలుసు అన్నిటినీ ఒకే వరసలో పెట్టి, లేని క్రమానికి కూడా లెక్క కడుతుంది. డానియేలె వరక్కా, గ్లిన్ విన్‌స్కెల్, సామీ అబ్బెస్, ఆల్బెర్ బెన్‌వెనిస్త్ 2000 తర్వాతి దశాబ్దంలో స్వతంత్ర సంఘటనలకు వరస లేకుండానే సంభావ్యత ఇచ్చే దారులు వేశారు. పి.ఎస్. త్యాగరాజన్, చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన మాధవన్ ముకుంద్ మరి ముగ్గురితో కలిసి 2015లో ముంబైలో జరిగిన మరో సదస్సులో ప్రచురించిన వికేంద్రీకృత మార్కోవ్ గొలుసులు ఆ దారిలోనివే. పెట్రీ మొదట పట్టుబట్టిన విషయం, స్వతంత్రంగా జరిగేవాటిని స్వతంత్రంగానే చూడాలన్నది, నాణెం చేరాక చాలాకాలం మరుగున పడింది. దాన్ని మళ్లీ పట్టుకోవడం ఈ రంగానికి ఎంతో అవసరం.

మన ఇంజనీరింగ్ కాలేజీల్లో సంభావ్యత ఒక పేపరు, ఆపరేటింగ్ సిస్టమ్స్ ఇంకో పేపరు. డెడ్‌లాక్ చెప్పే అధ్యాపకుడు సంభావ్యత ఎత్తడు, సంభావ్యత చెప్పేవాడు పాచికలూ సంచిలోని బంతులూ దాటడు. ప్రిజమ్ ఉచితంగా దొరుకుతుంది, లేమన్-రాబిన్ తత్త్వవేత్తల నమూనా దాని ఉదాహరణల్లోనే ఉంది, మామూలు ల్యాప్‌టాప్ మీద నడుస్తుంది. అధ్యాపకులు ఒక ల్యాబ్ తరగతిని దీనికి కేటాయించి, ముగ్గురు తత్త్వవేత్తలతో మొదలుపెట్టి నలుగురు, ఐదుగురికి స్థితుల సంఖ్య ఎలా పెరుగుతుందో విద్యార్థుల చేతే లెక్క తీయించాలి.