మతగురువు శాస్త్రాన్వేషణ: గాస్టన్ లారెన్ కేర్దూ లేఖలు

పశ్చిమ కర్నూలులో ఆదోని పత్తి వ్యాపారానికి, ఎమ్మిగనూరు చేనేతకు పేరుపొందాయి. ఎమ్మిగనూరులో 1938లో మాచాని సోమప్ప నెలకొల్పిన నేతగాళ్ల సహకార సంఘం ఇటీవలి శతాబ్దపు సంగతి. అంతకు ముందు ఈ విద్యలు ప్రధానంగా కుటుంబాలలో చేతిపనిగా, నోటిమాటగా సాగాయి. అందువల్ల దక్షిణాదిలో నూలుబట్టల అద్దకం ఎలా జరిగేదో తెలుసుకోగోరే చరిత్రకారుడు పద్దెనిమిదో శతాబ్దికి వెళ్లినప్పుడు, ఒక ఫ్రెంచి జెసూయిట్ గురువు లేఖను ఆశ్రయించక తప్పదు.

గాస్టన్ లారెన్ కేర్దూ 1691లో ఫ్రాన్సులోని బూర్జ్‌లో జన్మించాడు. 1732లో భారతదేశానికి వచ్చి కర్ణాటక మిషనులో చేరాడు. తెలుగు, సంస్కృతాలు నేర్చి తెలుగు–సంస్కృత–ఫ్రెంచి నిఘంటువును కూర్చాడు. 1742 జనవరి 18 నాటి లేఖలో కోరమండల్ తీరపు అద్దకాన్ని వివరించాడు. బట్టను కరక్కాయ, గేదెపాలతో సిద్ధం చేయడం, పటికతో రంగు పట్టించడం, నీలిమందులో ముంచే ముందు అద్దకం సోకకూడని చోట మైనం పూయడం, చిరివేరుతో ఎరుపు తేవడం అందులో ఉన్నాయి. ఈ సమాచారమంతా ఇచ్చినవారు ఆయన చేత బాప్తిస్మం పొందిన అద్దకపువారే. గురుశిష్య సంబంధం ఇక్కడ శాస్త్రసేకరణకు మార్గమయింది. ఫ్రాన్సులో అద్దకపు బట్టల మీద 1686 నుంచి 1759 వరకు నిషేధం ఉండేదన్న సంగతి గుర్తుంచుకుంటే, ఈ సేకరణను కేవల కుతూహలమని తోసివేయలేం.

ఆయన మనసులో విశ్వాసమూ విచారణా ఎలా ఇమిడి ఉన్నాయో 1767లో పారిస్‌లోని పండితుడు బార్తెలెమీకి పంపిన లేఖ మరింత స్పష్టంగా చూపుతుంది. సంస్కృతంలో లాటిన్, గ్రీకు మాటలు ఇన్ని ఎందుకున్నాయి అన్నది ఆయన ప్రశ్న. దానం, విధవ వంటి పదాలకు లాటిన్‌లోని దోనుం, విదువాలను సరిపోల్చాడు. అస్మి, అసి, అస్తి రూపాలనూ పరిశీలించాడు. వర్తకం, విజయయాత్రలు, విద్యల రాకపోకలు ఇంతటి పోలికకు చాలవని ఒక్కొక్క కారణాన్నీ తోసిపుచ్చాడు. ఇంతవరకు అది నేటి భాషాశాస్త్రజ్ఞుడు కూడా మెచ్చదగిన పద్ధతి. సమాధానం మాత్రం బైబిలు నుంచి వచ్చింది: బాబెలులో భాషలు చీలిన నాటి మూలభాషా శేషాలే ఈ పదాలని ఆయన ఊహ. విశ్వాసం పరిశోధనను అడ్డుకుందని ఇందువల్ల తీర్మానించడం తొందరపాటు. ప్రశ్న అడగడానికి సాహసమిచ్చిందీ ఆ ఏకమూల భావనే కావచ్చు.

ఆ లేఖ అకాడమీ సంపుటంలో అచ్చయింది 1808లో. అప్పటికి విలియం జోన్స్ 1786 ఫిబ్రవరి 2న కలకత్తాలో చేసిన ప్రసంగం ప్రఖ్యాతమై ఉంది. కేర్దూ 1779లోనే పుదుచ్చేరిలో మరణించాడు. జెసూయిట్ సంఘం అంతకు ఆరేళ్ల ముందే, 1773లో, రద్దయింది.

తీరప్రాంతపు అద్దకాన్ని చెప్పే లేఖ గనుక దానిని ఆదోని, ఎమ్మిగనూరులకు నేరుగా అన్వయించడం సరికాదు. దానిని చదివేటప్పుడు మరో మాట: కేర్దూ తనకు చెప్పిన విషయాలను నమ్మకంగా రాశాడు కాని, చెప్పిన అద్దకపువారి పేర్లు మనకు అందలేదు.