వాయువు మారగా నూనె మారిన కథ

1930 ఏప్రిల్‌లో అమెరికాలోని అట్లాంటా నగరమున రసాయన శాస్త్రజ్ఞుల సభ జరుగుచుండెను. థామస్ మిడ్జ్‌లీ అను ఇంజనీరు అందరి యెదుట ఒక వాయువును నిండుగా పీల్చి, వెలుగుచున్న క్రొవ్వొత్తిపైకి మెల్లగా వదలెను. క్రొవ్వొత్తి ఆరిపోయెను, మిడ్జ్‌లీకి ఏమియు కాలేదు. ఆ వాయువు విషము కాదనియు, మండదనియు ఒక్క ఊపిరితో రుజువైనది. అదియే డైక్లోరోడైఫ్లోరోమీథేను, చల్లబరచు యంత్రముల పరిభాషలో ఆర్-12. అంతకు పూర్వము వాడుకలోనున్న అమ్మోనియా, సల్ఫర్ డైఆక్సైడు, మిథైల్ క్లోరైడు గొట్టము పగిలి బయటపడినచో ఇంటిలోనివారికి అపాయమే. కావున క్రొత్త వాయువును లోకము వరముగా భావించెను. పెట్రోలులో సీసపు సమ్మేళనమును కలుపుట కనిపెట్టినదియు ఈ మిడ్జ్‌లీయే. ఆయన ఇచ్చిన రెండు కానుకలకును తరువాతి తరములవారు మూల్యము చెల్లింపవలసివచ్చెను.

1939లో ప్యాకార్డ్ కంపెనీ ఈ చల్లదనమును కారులోనికి తెచ్చెను. యంత్రమును ఆపుటకు ప్రత్యేకముగా మీటయేదియు లేదు. చలి చాలుననుకొన్నవారు ఇంజను ఆపి, క్రిందికి దిగి, బెల్టును ఊడదీయవలసినదే! సహజముగనే అది ఎక్కువ కాలము నిలువలేదు. 1950ల తరువాతనే కారు చల్లదనము అమెరికాలో నిలద్రొక్కుకొన్నది. 1962 నుండి జనరల్ మోటార్స్ వారి కార్లలో కనబడిన ఆరు సిలిండర్ల ఫ్రిజిడేర్ ఎ-6 కంప్రెసరు ఆ కాలపు పేరుపొందిన యంత్రములలో నొకటి. పాత కార్లను ముచ్చటపడి కాపాడుకొనువారి యొద్ద అది నేటికిని తిరుగుచున్నది.

ఇట్టి యంత్రములో జరుగునదేమి? కంప్రెసరు వాయువును నొక్కును. వేడెక్కిన వాయువు కండెన్సరులో చల్లబడి ద్రవమగును. ఆ ద్రవము సన్నని ద్వారము గుండ వెలువడి, మరల ఆవిరియగుచు కారులోని వేడిని గ్రహించి, తిరిగి కంప్రెసరును చేరును. పిస్టనులు అరిగిపోకుండుటకు నూనె కావలెను. కాని ఇంజనులోవలె ఇచ్చటి నూనె అడుగున ఒకచోట కదలక నిలిచియుండదు. ఎ-6 వంటి దానిలో పోసిన పది పదకొండు ఔన్సుల నూనెలో కొంత వాయువుతోపాటు బయలుదేరి, చుట్టంతయు తిరుగును. వెళ్ళినది తిరిగి రావలెను. ద్రవరూపమున నున్న వాయువులో నూనె కరిగినపుడే అది సులభముగా తిరిగివచ్చును. కరుగనిచో గొట్టముల చల్లని మూలలయందు జిడ్డుగా పేరుకొనును. అచ్చట వేడి గ్రహించు శక్తి తగ్గును. ఇచ్చట కంప్రెసరు నూనె లేక ఎండి, పట్టుకొనిపోవును.

ఇక్కడ పాఠశాలలో నేర్పు రసాయన శాస్త్రమే అక్కరకు వచ్చుచున్నది. ఉప్పు నీటిలో కరుగును, కిరసనాయిలులో కరుగదు. చేతికంటిన గ్రీజు నీటితో పోదు, కిరసనాయిలుతో పోవును. అణువులోని విద్యుదావేశము రెండు కొనలకు ఎంతగా విడిపోయినదో తెలుపు సంఖ్యను ద్విధ్రువ భ్రామకమందురు. దాని కొలమానము డిబై. ఆర్-12కు అది సుమారు 0.5 డిబైలు మాత్రమే. భూమి నుండి తీసిన ఖనిజ తైలము ధ్రువత్వము లేనిది. రెండును హాయిగా కలిసిపోయెను. అరువది యేండ్లపాటు మెకానిక్కులకు నూనెను గూర్చి ఆలోచింపవలసిన పనియే లేకపోయెను.

1974లో మరియో మొలీనా, షెర్వుడ్ రోలాండ్ అను శాస్త్రజ్ఞులు ఒక హెచ్చరిక ప్రకటించిరి. ఇట్టి వాయువులు చెక్కుచెదరక స్ట్రాటోస్ఫియరును చేరుననియు, అచ్చటి అతినీలలోహిత కిరణములచే విడివడిన క్లోరిన్ ఓజోనును నాశనము చేయుననియు వారు చెప్పిరి. 1985లో అంటార్కిటికాపై ఓజోను పలుచబడుట బ్రిటిష్ పరిశోధకుల కొలతలలో వెల్లడియయ్యెను. 1987లో మాంట్రియల్ ఒప్పందము జరిగెను. అమెరికాలో ఆర్-12 తయారీ 1995 చివరికి ఆగెను. 1992లో ఒప్పందమున చేరిన భారతదేశమునకు 2010 వరకు గడువు దొరకెను.

ఆర్-12 స్థానమున వచ్చినది ఆర్-134ఎ. ఇందు క్లోరిన్ లేదు. మరుగు ఉష్ణోగ్రత సున్నకు దిగువ 26 డిగ్రీల సెంటీగ్రేడు, అనగా ఆర్-12కు దగ్గరిదే. అయితే దీని అణువు సమతూకము లేనిది: ఒక కర్బనమున మూడు ఫ్లోరిన్లు, రెండవదానియందు ఒక ఫ్లోరినును రెండు ఉదజనులును. ద్విధ్రువ భ్రామకము సుమారు 2 డిబైలు, పాతదానికి నాలుగింతలు. ఖనిజ తైలమునకు దీనితో పొత్తు కుదురలేదు. ఓజోను రక్షణకై వాయువును మార్చినవారు తత్ఫలితముగా నూనెను గూడ మార్చవలసివచ్చెను.

కార్ల కంపెనీలు ఎన్నుకొన్నది పాలిఆల్కిలీన్ గ్లైకాల్. కర్ఖానాలలో దీనిని పేగ్ అందురు. గొలుసులో ఆమ్లజని పరమాణువులుండుటచే ఇది ఆర్-134ఎతో కలియును. క్రొత్త యంత్రమునకు మంచి నూనెయే. పాత కారులో మాత్రము మూడు చిక్కులు కలవు. గాలిలోని తేమను త్వరగా పీల్చుకొనును. మిగిలిన ఖనిజ తైలముతో కలియదు. పాత వాయువు వదలిపోయిన క్లోరిన్ జాడలున్నచో చెడిపోవును. దశాబ్దములు ఆర్-12తో తిరిగిన గొట్టములను ఎంత కడిగినను ఆ జాడలు పూర్తిగా పోవునని నమ్మరాదు.

అందుచే రెండవ నూనె, పాలియాల్ ఎస్టర్, మార్పిడి చేసిన పాత కార్లకు తగినదని చెప్పవచ్చును. జెట్ విమానపు ఇంజనులలో వాడునదియు ఈ జాతి నూనెయే. ఇది ఆర్-134ఎతో కలియును, మిగిలిన ఖనిజ తైలమును ఓర్చుకొనును, క్లోరిన్ జాడలకు అంతగా చెదరదు. కాని ఎస్టరు ఎస్టరే: ఆమ్లము, ఆల్కహాలు కలిసి ఎస్టరును, నీరును ఏర్పడు చర్య వెనుకకును నడచును. గొట్టములలో తేమ నిలిచినచో నూనె మరల ఆమ్లమై లోహమును తినును. కనుకనే మార్పిడి సమయమున తేమను పీల్చు డబ్బాను, రబ్బరు వలయములను మార్చి, పంపుతో లోపలి గాలిని, తేమను పూర్తిగా లాగివేయవలెను. ఈ పనిలో సోమరితనమునకు చోటులేదు. పాత కంప్రెసరును తీసి ఆర్-134ఎకే నిర్మించిన క్రొత్తదానిని బిగించి, గొట్టములను కూడ మార్చినచో సంగతి వేరు. అప్పుడు తయారీదారు చెప్పిన చిక్కదనముగల పేగ్ పోయుటయే మేలు. నూనె ఎక్కువైన మంచిదనుకొనుట పొరపాటు. అది గొట్టముల లోపల పూతపూసి చల్లదనమును తగ్గించును.

2003లో వచ్చిన రెండవ తరపు టయోటా ప్రయస్ కారులో కంప్రెసరును బెల్టు గాక విద్యుత్తు త్రిప్పెను. మోటారు తీగచుట్టలు నూనెలోనే తడియుచుండును. పేగ్ విద్యుత్తును కొంత ప్రవహింపజేయును గనుక అచ్చట ఎస్టరు నూనెయే వాడిరి. ఇంతలో ఆర్-134ఎ భూతాపమును పెంచు వాయువని తేలి, 2017 నుండి ఐరోపాలో అమ్ము క్రొత్త కార్లయందు దానిని నిషేధించిరి. దాని బదులు వచ్చిన ఆర్-1234వైఎఫ్ అణువులో కర్బనముల మధ్య ద్విబంధము కలదు. ఆ బంధమే వాతావరణమున దానిని త్వరగా విచ్ఛిన్నము చేయును. ఆ బంధమే యంత్రములో దాని స్థిరత్వమును గూడ తగ్గించును. కనుక దానికొరకు పేగ్ నూనెలలో కలుపు రసాయనములను మరల మార్చవలసివచ్చెను.